ముడి వేసినవాడే దిగాలి

జూన్ 3

మహాజ్ఞాని, మానవజాతికి పెద్ద దిక్కు, మా అక్క మెడకు పడ్డ బావగారికి,

బావమరిది దూరం నుంచే ఒక దణ్ణం పడేసి రాస్తున్నాడు. నేను బాగానే ఉన్నాను. నువ్వు బాగున్నావని నీ ఉత్తరం బరువు చూస్తేనే తెలిసింది. తపాలావాడు దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి, ఇందులో ఇటుకలేమన్నా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయన్నాను.

మనిషి పుట్టుకతోనే పరోపకారి అట, స్వార్థం మధ్యలో అంటుకున్న మురికి అట, తుడిస్తే పోతుందట. నీకు మురికి సంగతి ఏం తెలుసు బావా? కాలేజీలో నీతిపాఠాలు చెప్పుకునేవాడివి. చొక్కాకి సుద్దపొడి అంటితేనే జేబురుమాలు తీస్తావు. నేను ఎత్తైన మేడల బయటి గోడలకి రంగు వేసేవాణ్ణి. మోకుకి కట్టిన చెక్క మీద వేలాడుతూ, రోజంతా జనాన్ని కిటికీల్లోంచి చూస్తాను. చుట్టాలు తలుపు కొట్టగానే మంచి బిస్కట్లు మంచం కిందకి తోసి, మెత్తబడినవి పళ్ళెంలో పెట్టేవాళ్ళని చూశాను. అమ్మ మీద కవిత్వం గొంతెత్తి చదువుకుంటూ, మంచినీళ్ళడిగిన అమ్మని కసిరినవాణ్ణి చూశాను. నీ పరోపకారి ఏ అంతస్తులో కాపురం ఉంటాడో చెప్పు, ఆ కిటికీకి ఊరికే రంగు వేసి పెడతాను.

మా పనిలో ఒక కట్టుబాటుంది. పొద్దున్నే డాబా మీద నీళ్ళ ట్యాంకు స్తంభానికి మోకు ఎవడు కడతాడో, ఆ మోకు మీద ముందు వాడే దిగాలి. ముడి వేసినవాడే దిగాలి, అంతే. పక్కవాడి ప్రాణం కోసం మనిషి వేసే ముడి ఎలా ఉంటుందో మా పాత పెయింటర్లకి బాగా తెలుసు. వాళ్ళు నీ అంత చదువుకోలేదు. అందుకే బతికి బట్టకట్టారు.

నా జోడీని కాకి అంటాను. ఎంగిలి చేత్తో కాకిని కూడా తోలడు, అందుకని ఆ పేరు. అగ్గిపుల్ల అడిగితే, వెలిగించుకుని తన సిగరెట్టు ముట్టించుకున్నాక, ఆరిపోయిన పుల్ల మన చేతిలో పెట్టే రకం. వాడు నన్ను కోతి అంటాడు. మా ఇద్దరికీ ఒకడంటే ఒకడికి గిట్టదు. అయినా వాడు ముడి వేసి, దిగి, బతికి పైకొచ్చాక, అదే మోకు మీద నేను దిగుతాను. వాడికి వాడి ప్రాణమంటే ఎంత తీపో నాకు తెలుసు కాబట్టి. ఇంతకన్నా గట్టి స్నేహం నీ పుస్తకాల్లో ఉందా?

అన్నట్టు ఒక తమాషా. మా కంట్రాక్టరుకి గొప్పవాళ్ళంటే పిచ్చి. "మా బావ ఒక్క ఉపాయం చెప్పాడంటే కూలీలు ఒకళ్ళనొకళ్ళు కన్నబిడ్డల్లా చూసుకుంటూ రెండింతల పని చేస్తారండీ" అని వేళాకోళానికి అన్నాను. నవ్వుతాడనుకుంటే చిరునామా రాసుకున్నాడు. ఉత్తరం వస్తే జవాబు రాయి. ఇక్కడ నవ్వుకోవడానికి ఏమీ దొరకడం లేదు.

అక్కని అడిగానని చెప్పు. ఆవిడ నిన్ను భరించడం పరోపకారమంటే మాత్రం ఒప్పుకుంటాను.

గోడకి వేలాడే
బావమరిది


జూన్ 14

చిరంజీవి బావమరిదికి ఆశీస్సులు.

మీ కంట్రాక్టరుగారి లేఖ అందినది. ఎంతటి సంస్కారం! నీవు నన్ను గురించి అంత గౌరవంగా చెప్పి ఉంటావని నేను ఊహించలేదు. పైకి ఎగతాళి చేసినా లోపల నీకు నా ఆలోచనల పట్ల ఆదరం ఉన్నదని తెలిసి కన్నులు చెమర్చినవి.

మీ కట్టుబాటు గురించి ఆయన కూడా వివరించారు. నిజం చెప్పనా? అది ఒక అవమానం. మనిషిని మనిషి నమ్మరాదన్న సూత్రం మీద నిలబడిన ఆచారం. ప్రతి ఉదయం మీరు ఒకరి ముఖాన ఒకరు ఉమ్ముకుని పని మొదలుపెడుతున్నారు. అందుకని నేను ఒక పద్ధతి రాసి పంపాను. దానికి పరస్పర విశ్వాస పద్ధతి అని పేరు. ఇకపై అందరి మోకులూ ఒక్కరే కడతారు. మిగిలినవారు నిశ్చింతగా దిగుతారు. ఇతరుల ప్రాణం తన చేతిలో పెడితే ఏ మనిషిలోనైనా ప్రేమ మేలుకొంటుంది. సమయం కూడా కలిసివస్తుందని కంట్రాక్టరుగారు సంతోషించారు.

ముడులు వేసే బాధ్యత నీవు కాకి అంటున్న ఆ వ్యక్తికే ఇమ్మని సూచించాను. అతడికి ఈ అవకాశం ఎవరూ ఇవ్వలేదు కాబట్టే అలా ఉన్నాడు. ఆ పేరుతో పిలవడం మానుకో.

శ్రేయోభిలాషి,
బావ

తమ్ముడూ, అడుగున కాస్త చోటుంటే రాస్తున్నాను. ఈయన రెండు రోజులుగా అద్దం ముందు నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఇది నువ్వు నవ్వులాటకి తెచ్చిపెట్టిందేనని నాకనుమానం. వేళకి తిను. అక్క.


జూన్ 28

బావా,

అంబలి తాగేవాడికి మీసాలొత్తేవాడొకడని సామెత. మా కంట్రాక్టరుకి మీసాలొత్తేవాడివి నువ్వు దొరికావు. తెచ్చిపెట్టింది నేనే, కాదనను. కానీ గాడిద ఓండ్ర పెడితే నవ్వుకుందామని పిలిచాను గానీ, అది వచ్చి బండి తోలుతుందని నాకేం తెలుసు?

నీ పద్ధతి మొదలైంది. కాకి ఇప్పుడు గోడ దిగడు. ట్యాంకు నీడలో కూర్చుని అందరికీ ముడులు వేస్తాడు. వాడిలో ప్రేమ మేలుకొందేమోనని రోజూ తొంగి చూస్తున్నాను. నిద్రే ముంచుకొస్తోంది. ఇదివరకు తాను దిగాల్సిన రోజుల్లో ముడి వేసేవాడు, దాన్ని తిట్టేవాడు, విప్పి మళ్ళీ వేసేవాడు, కాలు తన్నిపెట్టి పళ్ళు కొరుకుతూ లాగి చూసేవాడు. ఇప్పుడొక చుట్టు చుట్టి, ఆవులించి, ఇంకో మోకు దగ్గరికి పోతాడు. వాడు చెడ్డవాడై కాదు బావా. పక్కవాడి పంటినొప్పికి ఎవడికి నిద్ర చెడుతుంది?

నిన్న అడిగాను. "ఏరా, ముడి సరిగ్గా పడిందా?"

"పడిందిలే పోరా. పడకపోతే నువ్వే చెబుతావుగా" అన్నాడు.

దానికి నేను ఊరుకోలేదు. వాడి టోపీలో నీలం రంగు పూసి పెట్టాను. ఎండకి కరిగి, చెవుల మీంచి మెడ దాకా కారింది. ఎంత రుద్దినా వదల్లేదు. పెళ్ళాం గుమ్మంలోనే ఆపి, ఎవరు మీరు అని అడిగిందట.

నా ముడి నేనే వేసుకుంటానని కంట్రాక్టరుని అడిగాను. "మీ బావగారే రాశారు కదయ్యా, అపనమ్మకం అంటురోగమని. నువ్వు మొదలెడితే అందరికీ అంటుకుంటుంది" అన్నాడు. నా ఉరితాడు నేనే తెచ్చుకున్నాను, చూశావా. అతనికి రాసి ఈ పిచ్చి మాన్పించు. నేను అడుగుతున్నది నవ్వులాటకి కాదు.

నీ మీద నమ్మకంతో కాదు, గత్యంతరం లేక వేలాడుతున్న
బావమరిది


జూలై 9

చిరంజీవికి,

నీ లేఖలో వెటకారం తీసివేసి చూస్తే మిగిలినది భయం. భయమే స్వార్థానికి తల్లి. కొత్త పద్ధతికి మొదట్లో ప్రతిఘటన సహజం. కొద్దికాలం ఓపిక పట్టు.

మొన్న మా క్లబ్బులో మీ పనిచోటు గురించే ఉపన్యసించాను. కూలివాని చేతిలో తోటి కూలివాని ప్రాణం అన్నప్పుడు సభ నిశ్శబ్దమైపోయినది. ముందు వరుసలో ఒక పెద్దాయన కంట తడి పెట్టుకున్నారు.

ఆ టోపీ సంగతి చదివి బాధపడ్డాను. నీ వయసుకి తగిన పని కాదు.

బావ

ఆ పెద్దాయనకి జలుబు. నేను పక్కనే కూర్చున్నాను. తమ్ముడూ, ఎవరేమనుకున్నా సరే, దిగేముందు ముడి నువ్వొకసారి చూసుకో. అక్క.


జూలై 16

బావా,

అక్షరాలు కుదురుగా లేవు. అక్కకి ముందే చెప్పు, నేను బతికే ఉన్నాను.

నీ పద్ధతి నిన్న జారింది. నన్ను కూడా తీసుకుపోబోయింది.

పై అంతస్తు కిటికీ అంచుకి రంగు వేస్తున్నాను. ముడి చూసుకోమని అక్క రాసిన ఉత్తరం అప్పటికింకా అందలేదు, ఇవాళే వచ్చింది. అందినా, నేనేమన్నా చూసేవాణ్ణా? కిటికీ లోపల ఒకావిడ ఉల్లిపాయలు తరుగుతోంది. ఉన్నట్టుండి ఆవిడ కత్తితో సహా పైకి పోయింది. పైకి పోతున్నది ఆవిడ కాదు, కిందికి పోతున్నది నేనని అర్థమయ్యేలోపు ఇంకో కిటికీ కూడా పైకి పోయింది. నాకు గుర్తొచ్చింది నువ్వు. చచ్చేముందు బావ మొహం కనబడటం కన్నా దరిద్రపు చావు ఉంటుందా?

ఇంతలో మోకు కుదుపుతో ఆగింది. మళ్ళీ జారింది. మళ్ళీ ఆగింది. పైనుంచి కాకి అరుపు వినబడింది. మనిషి గొంతులా లేదు. ఆ అరుపు విని వెనక గోడ దగ్గరివాళ్ళు డాబా మీదకి పరిగెత్తి, మోకు అందుకుని, నన్ను పైకి లాగారు.

పిట్టగోడకి కాలు తన్నిపెట్టి నిలబడి ఉన్నాడు వాడు. మోకు మిగతావాళ్ళ చేతుల్లోకి వచ్చాక కూడా వాడు వదల్లేదు. వదలడం రావడం లేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. అరచేతుల తోలు మోకుకే ఉండిపోయింది.

ముడి వేసినవాడూ వాడే. పట్టుకున్నవాడూ వాడే. ఇందులో నీ ఉపన్యాసానికి పనికొచ్చే ముక్క ఏదో నువ్వే ఏరుకో. నాకు మోకాలు చెక్కుకుపోయింది, అంతే.

బావమరిది


జూలై 24

చిరంజీవికి,

కల్పన బాగున్నది. ఉల్లిపాయలు తరిగే ఆవిడ మరీ బాగున్నది. కానీ నేను మోసపోను. నీవు పోయినట్టు నీవే టెలిగ్రాం ఇచ్చిన సంగతి నేను మరిచిపోలేదు. మీ అక్క దారంతా ఏడ్చి, బస్సు దిగితే, నీవే ఎదురొచ్చి పెట్టె అందుకుని, ఇంత ఆలస్యమైందేం అని అడిగావు.

నా పద్ధతి మీద కోపం ఉంటే వాదించు. ఒక నిరుపేద శ్రామికుని చేతుల చర్మం ఊడినట్టు కథలల్లడం నీచం.

బావ

ఈయన నమ్మలేదు. నేను నమ్మాను. నువ్వు అబద్ధం రాస్తే అందులో ఎప్పుడూ మొనగాడివి నువ్వే. ఇందులో ఊరికే వేలాడుతున్నావు. ఆ మనిషి చేతులు ఎలా ఉన్నాయి? నా తరఫున దణ్ణం పెట్టానని చెప్పు. అక్క.


ఆగస్టు 1

బావా,

జీవితంలో ఒక్క నిజం రాస్తే దానికి మార్కులు వేశావు. శభాష్. కంట్రాక్టరుకి రాసి కనుక్కో. వాడు అబద్ధమాడినా డబ్బొచ్చే అబద్ధమే ఆడతాడు, ఇందులో వాడికి నష్టమే.

నష్టం సంగతికే వస్తున్నాను. మేడ యజమాని గట్టిగా పట్టుకున్నాడు. తప్పు పద్ధతిదా, మనిషిదా తేల్చమంటున్నాడు. పద్ధతిదంటే దాన్ని నెత్తికెత్తుకున్న కంట్రాక్టరు వెధవాయి అవుతాడు. మనిషిదంటే కాకి ఇంటికి పోతాడు. ఆ చేతులతో ఇంకెక్కడా వాణ్ణి గుమ్మం కూడా ఎక్కనివ్వరు. పెళ్ళాం ముద్ద కలిపి నోట్లో పెడుతోంది. పెడుతూ తిడుతోంది, తిట్టు తిట్టుకీ ముద్ద పెద్దదవుతోంది. కంట్రాక్టరు నిర్ణయం నీకు వదిలేశాడు. నువ్వేం రాస్తే అదే జరుగుతుంది. పద్ధతి తప్పని ఒక్క ముక్క రాయి. నిన్నెప్పుడూ ఏమీ అడగలేదు, పైపెచ్చు అక్కనిచ్చాం.

ఇక నీకు మింగుడు పడని సంగతొకటి. ఆసుపత్రికి వెళ్ళి వాడి మంచం మీద కూర్చున్నాను. రెండు చేతులూ కట్లు కట్టి, రెండు దిండ్లు పట్టుకు కూర్చున్నట్టున్నాడు.

"ఎందుకు పట్టుకున్నావురా?" అన్నాను.

"నువ్వనుకుని కాదులే, సంబరపడకు. మా బావమరిది అనుకున్నాను. ఆ పక్క మోకు వాడిదనుకున్నాను."

"నేనని తెలిస్తే?"

"తెలిస్తే చేతులెందుకు పాడుచేసుకుంటాన్రా? నీ టోపీ రంగు ఇంకా చెవుల్లో ఉంది."

విన్నావా బావా! వాడు పట్టుకుంది పెళ్ళాం తమ్ముణ్ణి. ఇంటికెళ్ళి "మీ తమ్ముణ్ణి వదిలేశానే" అని చెప్పే ధైర్యం ఏ మగాడికుంది? ప్రాణభయం కన్నా పెద్దభయం అది. నీ పరోపకారం తోలు ఒలిస్తే లోపల ఉన్నది పెళ్ళాం నోరు. నాకు చాలా రోజుల తర్వాత హాయిగా ఉంది.

ఆ ఒక్క ముక్క మాత్రం రాయి.

బావమరిది


ఆగస్టు 11

చిరంజీవికి,

కంట్రాక్టరుగారు ధ్రువపరిచారు. నిన్ను శంకించినందుకు చింతిస్తున్నాను. అయితే తప్పు కొంత నీ గత చరిత్రది.

నా ఆనందం ఎలా చెప్పను? మానవుని సహజ నిస్వార్థతకు ఇంతకన్నా రుజువేది? బావమరిది అనుకున్నానని అతడన్నది నేను పరిగణించను. అది అతని వినయం. ఈ సంఘటన మీదనే నా తదుపరి ఉపన్యాసం.

నీవు అడిగిన విషయం. బాగా ఆలోచించాను. పద్ధతిలో లోపం లేదు. ఉంటే అతడు పట్టుకునేవాడే కాదు. ముడి వేయడంలో వ్యక్తిగతమైన అజాగ్రత్త జరిగినది, ఇది కూడా నిజమే కదా. కనుక కంట్రాక్టరుగారికి ఇలా రాశాను: ఆ శ్రామికుని నిండు సభలో చప్పట్లతో గౌరవించాలి. అనంతరం పనినుంచి తొలగించాలి. హృదయానికి హృదయం, నియమానికి నియమం. సెంటిమెంటుతో సత్యాన్ని కలపరాదు.

బావ

చప్పట్లు కొట్టి వెళ్ళగొట్టడమేమిట్రా? నేనడిగితే నీకర్థం కాదన్నారు. నాకర్థమైంది కాబట్టే అడిగాను. తమ్ముడూ, నిన్ను చిన్నప్పటినుంచీ వద్దు వద్దు అంటూనే ఉన్నాను. ఈ ఒక్కసారికి నీకు చేతనైనది చెయ్యి. అక్క.


ఆగస్టు 17

పూజ్యులైన బావగారి పాదాలకు నమస్కారం.

మీ తీర్పు చదివి మాకందరికీ కళ్ళు తెరుచుకున్నాయి. మీ ముందు నా బుద్ధి ఎంత. ఆ సభ మీ చేతుల మీదుగానే జరగాలని కంట్రాక్టరుగారూ, మేడ యజమానిగారూ ఉబలాటపడుతున్నారు. అదే డాబా మీద, అదే ట్యాంకు దగ్గర. పెయింటర్లందరం వస్తాం. కాకిని కూడా తీసుకొస్తాం, చేతులు లేకపోయినా చప్పట్లు వినడానికి చెవులున్నాయి కదా.

చిన్న మనవి. మీ పద్ధతిని మీరే ఒక్కసారి కళ్ళకు కట్టినట్టు చూపిస్తే మాబోటి మట్టిబుర్రలకి ఎక్కుతుంది. కొత్త మోకు, కొత్త చెక్క, దాని మీద మెత్త. మీరు కూర్చుని, పిట్టగోడ అవతల కొంచెం కిందకి దిగి, మాకు చెయ్యి ఊపితే చాలు. ముడి మీరు వేసుకోనక్కర్లేదు. పరస్పర విశ్వాసంతో వేరేవాళ్ళు వేసిపెడతారు.

అక్కకి విడిగా ఏమీ రాయడం లేదు. ఆవిడకి అర్థమవుతుంది.

మీ విధేయుడైన
బావమరిది


ఆగస్టు 30

నీకు,

ఆశీస్సులు రాయడం లేదని గమనించగలవు.

జరిగినది నా కోణం నుంచి కూడా నమోదు కావాలి కాబట్టి రాస్తున్నాను. చెక్క మీద కూర్చునే ముందు "ముడి ఎవరు వేశారు?" అని అడిగాను. ఎవరైనా అడుగుతారు. అది అంత హాస్యాస్పదమైన ప్రశ్న కాదు. డాబా మీద మనుషులు ట్యాంకు పట్టుకుని మరీ నవ్వవలసిన పని లేదు.

నీవు ముందుకొచ్చి "నేనే వేశాను బావా, నిండు ప్రేమతో" అన్నావు. ఆ మాట నీ నోట వినగానే నేను వెనక్కి జరిగాను. ఆ ముడి విప్పించి మరొకరితో కట్టించమన్నాను. ఎవరితో కట్టించమంటారని కంట్రాక్టరు అడిగాడు. నేను అందరి ముఖాలూ చూశాను. ఎవరి పేరూ చెప్పలేకపోయాను. అప్పుడు నీవు కాకి అనే ఆ మనిషి, "పోనీ మీరే కట్టుకోండి సార్" అన్నాడు. నాకు ముడులు వేయడం రాదని అంతమంది ముందు ఒప్పుకోవలసి వచ్చినది. మేడ యజమాని ముఖం చూశావా? నేను చూశాను.

నాకు తలతిరుగుడు ఉన్నది. ఎత్తు పనికిరాదు. మీ అక్కకి తెలుసు.

ఇకపై నాకు ఉత్తరాలు రాయకు.

పెళ్ళైనప్పటినుంచీ ఈయనకి తలతిరుగుడు ఉన్నట్టు నాకు తెలియదు. నిన్న స్టూలు ఎక్కి బల్బు మారుస్తూ, స్టూలు గట్టిగా పట్టుకున్నావా అని పదే పదే అడిగారు. ఇదివరకెప్పుడూ అడగలేదు. ఇదంతా నేను తర్వాత నవ్వుకుంటాను. ముందు ఆ మనిషి పని ఉందా, పోయిందా, అది రాయి. అక్క.


సెప్టెంబరు 8

బావా,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. చించేద్దామనుకుంటే అక్క చదివాక చించు.

ముందు అక్క అడిగింది. నువ్వు మెట్లు దిగి వెళ్ళగానే మేడ యజమాని కంట్రాక్టరుతో, "ఈ పెద్దమనిషి మాట వినేనా నా మేడ మీద మనుషుల్ని వేలాడదీశావు?" అన్నాడు. ఆ సాయంత్రమే నీ పద్ధతి చెత్తబుట్టలోకి పోయింది. ముడి వేసినవాడే దిగుతున్నాడు మళ్ళీ. నీ పరువు పోయినందుకు నాకేమీ బాధ లేదు. దాన్ని నువ్వు ఎప్పుడూ వాడింది లేదు, కొత్తదిలా ఉంది, మళ్ళీ తొడుక్కోవచ్చు.

కాకిని మాత్రం కంట్రాక్టరు ఉంచనన్నాడు. ముడి వేయలేనివాడు, బ్రష్షు పట్టలేనివాడు నాకెందుకన్నాడు. మర్నాడు పొద్దున మేమంతా డాబా ఎక్కాం. ఎవడి ముడి వాడు వేసుకున్నాడు. ఎవడూ పిట్టగోడ దాటలేదు. ఏమయిందన్నాడు కంట్రాక్టరు. కాకి డాబా మీద ఉంటేనే దిగుతామన్నాం. ముందుగా అనుకున్నది కూడా కాదు. ఒకడన్నాడు, మిగతావాళ్ళు తలూపారు.

"వాడి చేతులు పనికిరావు కదయ్యా!"

"ఆ చేతులు చూస్తే మా ముడి మేం ఇంకో చుట్టు వేసుకుంటాం సార్" అన్నాడు మాలో ముసలాయన.

ఇది చదివి కన్నులు చెమర్చుకోకు. వాడి మీద ఎవరికీ ప్రేమ లేదు. వాడు పైనుంటే కింద మా గుండె సరిగ్గా కొట్టుకుంటుంది, అంతే. మా ప్రాణాల మీద మా తీపి. కంట్రాక్టరు ఎండ వైపూ, ఖాళీ గోడ వైపూ చూసి, రమ్మనండి వెధవని అన్నాడు. అతనికి అతని తీపి. ఇప్పుడు కాకి ట్యాంకు నీడలో కూర్చుని, కట్లు కట్టిన చేత్తో అందరి ముడులకీ వంకలు పెడుతున్నాడు. నాది చూసి, "ఇది ముడా, ముసలమ్మ కొప్పా? విప్పి వెయ్" అన్నాడు. విప్పి వేశాను.

అక్కకి చెప్పాల్సింది అయిపోయింది. ఇక్కడినుంచి నీకు.

మొన్న వాడి బావమరిది కనబడితే ఆట పట్టిద్దామని, "మీ బావకి నువ్వంటే ఎంత ప్రేమరా, నువ్వనుకుని నన్ను పట్టుకున్నాడు" అన్నాను. వాడు వెర్రిమొహం వేసుకుని చూశాడు. "నేనా రోజు అసలు ఆ మేడ మీద లేనుగా! పక్కవీధి ఇంట్లో లోపలి గోడలు వేస్తున్నాను. పొద్దున్నే నన్నక్కడికి పంపింది మా బావే" అన్నాడు.

తిన్నగా డాబా ఎక్కాను. మిగతావాళ్ళు గోడల మీదున్నారు. వాడొక్కడే ఉన్నాడు.

"నీ బావమరిదిని పొద్దున్నే పక్కవీధికి పంపావట?"

వాడు ట్యాంకు వైపు చూశాడు. "అయితే?"

"అయితే, మోకు మీద నేనని తెలిసే పట్టుకున్నావు."

"మెల్లిగా మాట్లాడు."

"ఎందుకురా?"

"ఎందుకేంటి, మోకు పోతోంది, పట్టుకున్నాను. ఆ మాటకొస్తే నువ్వేనని తెలుసు, తిట్టుకుంటూనే పట్టుకున్నాను. చాలా?" అని అటూ ఇటూ చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఇది ఎక్కడా వాగకు. ఇప్పటిదాకా నన్నెవడూ ఏమీ అడగడు, నా బతుకేదో నేను బతుకుతున్నాను. మంచివాణ్ణని తెలిసిందంటే ఈ జనం నన్ను బతకనిస్తార్రా?" అన్నాడు.

బావా, వాడు పెళ్ళైన కొత్తలో అత్తారింట్లో దొంగతనం చేసి దొరికిపోయినవాడిలా ఉన్నాడు. నేను వాడి మొహం చూడలేకపోయాను.

నువ్వు గెలిచావనుకునేవు. అవే చేతులు ఆ ముడి వేశాయని మరిచిపోకు. ఇంకో చుట్టు చుడితే సరిపోయే పనికి బద్ధకించి, తర్వాత తోలు ఊడేదాకా పట్టుకునే జంతువుకి నీ శాస్త్రంలో పేరుంటే రాయి. నా శాస్త్రంలో లేదు. నీ మాటా తప్పే, నా మాటా తప్పే. నాకు మాత్రం నీ తప్పే ఎక్కువగా కనబడుతోంది, అది వేరే సంగతి.

ఎవరికీ చెప్పనని వాడికి మాటిచ్చాను. ఏ క్లబ్బులోనైనా ఈ ముక్క నీ నోట వినబడిందో, ముందు వరుసలో కూర్చునే పెద్దాయన పక్కనే నేనూ కూర్చుంటాను, గుర్తుపెట్టుకో. వాడు పీనాసి. పరమ స్వార్థపరుడు. పెళ్ళానికి భయపడి, బావమరిది అనుకుని, పొరపాటున మోకు పట్టుకున్నాడు. ఎవరడిగినా అలాగే చెప్పు.

బావమరిది